ఒక శుక్రవారం వాన

ఆలుగడ్డల గోతాల వెనక నుంచి
ఓట్మార్ దాన్ని తోసుకొచ్చేసరికి
టైర్లు రెండూ నేలకు చప్పిడైపోయి ఉన్నాయి.
ఎర్ర జావా. ట్యాంకు మీది దుమ్ములో
ఏ పిల్లిదో, నాలుగడుగులు వేసి
మనసు మార్చుకున్న జాడ.

"ఎన్నాళ్లయింది?"
"పందొమ్మిదేళ్లు."
"ఎందుకు ఆపేశావు?"
"ఒక శుక్రవారం వాన పడింది."

అంతే చెప్పాడు. మా వైసోచినా కొండల్లో
మాటల్ని కూడా చలికాలానికి దాచుకుంటారు.
తలుపు మీద "జ్డిస్లావా, మరమ్మతులు" అని
ఇంతింత అక్షరాలతో రాయించుకున్నా
సగం ఊరు ఇంకా మా ఆయన్ని పిలవమంటుంది.
ఆయన రొట్టెలు కాలుస్తాడు.

కార్బురేటర్ దించి కింది గిన్నె విప్పాను.
లోపల పెట్రోలు లేదు.
పెట్రోలు వెళ్లిపోతూ వదిలేసింది ఉంది:
చెట్టుబంకలాంటి జిడ్డు,
అంచుల్లో పచ్చటి చిలుము,
ఎవరో ఎప్పుడో వేసిన వార్నిషు కంపు.
ఫ్లోట్ కదల్లేదు. దాని సూది
మూసిన నోరు మూసినట్టే ఉంది.

ఏ బండినీ ఎవరూ పందొమ్మిదేళ్లకని దాచరు.
వాన వెలిసేదాకా అని దాస్తారు.
సోమవారం దాకా.
పిల్లకి జ్వరం తగ్గేదాకా, ఆలుగడ్డలు తవ్వేదాకా.
ట్యాపు కట్టేసి గిన్నె ఒంపడానికి
ఒక్క నిమిషం పడుతుంది.
సోమవారం తీసే బండికి
ఆ నిమిషం దండగ.

రాత్రంతా ద్రావకంలో నానబెట్టాను.
పొద్దున్నే మా ఆయన పాత టూత్‌బ్రష్‌తో తోమి
కంప్రెసర్ గాలి కొట్టి, కొత్త వాషర్లు వేసి
నలభైకి ఒకటి నూనె కలిపిన పెట్రోలు పోశాను.
జావాకి కిక్కూ గేరూ ఒకటే కడ్డీ.
లోపలికి నొక్కి, పైకి తిప్పి, తొక్కాలి.
ఇరవై ఆరోసారికి
పాకలో కోళ్లన్నీ లేచిపోయాయి.

యాక్సిలరేటర్ తిప్పినంతసేపూ పెడబొబ్బలు.
చెయ్యి వదిలానా, చచ్చింది.
మళ్లీ తొక్కు. మళ్లీ బొబ్బ. మళ్లీ చావు.
పరుగెత్తగలదు, నిలబడలేదు.
ఇలాంటి మనుషులు నాకు తెలుసు.
వాళ్లకి సరిపడే స్పానర్ నా దగ్గర లేదు.

"నడుస్తోందిగా, చాల్లే" అన్నాడు ఓట్మార్.
"చాలదు."

మళ్లీ విప్పాను.
ఐడిల్ జెట్, వడ్లగింజంత ఇత్తడి.
కిటికీకి ఎదురుగా పట్టి ఒక కన్ను మూశాను.
చీకటి.
ఉక్కు తీగ గుచ్చితే పని తొందరగా అవుతుంది,
బెజ్జం పెద్దదైపోయి
బండి బతికినన్నాళ్లూ ఎక్కువ తాగుతుంది.
పాత దీపపు వైరు చీల్చి
ఒకే ఒక్క రాగిపోగు తీశాను.
తిప్పడం, నానబెట్టడం, ఊదడం.
తిప్పడం, తిట్టడం, ఊదడం.
ఓట్మార్ స్టూలు మీద కూర్చుని
నా చేతుల్ని కాదు, కిటికీనే చూస్తున్నాడు.

మూడోరోజు మధ్యాహ్నం
బెజ్జంలోంచి ఆవగింజంత ఆకాశం కనబడింది.
"చూస్తావా?" అని ఇచ్చాను.
చాలాసేపు చూశాడు,
అంత చిన్న దాంట్లో అంతసేపు చూడ్డానికి ఏముంటుందో.
"ఆ వాన రోజు వెనక సీటు మీద లుద్మిల ఉంది" అన్నాడు.
నేను అడగలేదు.
అతనూ ఇంకేం చెప్పలేదు.

ఈసారి నాలుగో తొక్కుకే అందుకుంది.
చెయ్యి వదిలేశాను.
డుగ్, డుగ్, మధ్యలో ఒకటి తప్పి, మళ్లీ డుగ్.
నీలిపొగ పాకంతా తిరిగి
తలుపు దొరకబుచ్చుకుని బయటికి పోయింది.
ఎవరూ పట్టుకోకుండా
తనంతట తాను నిలబడింది బండి.

అతను ఎక్కుతాడనుకున్నాను.
ఎక్కలేదు. వంగి
ట్యాంకు కింద తడిమి ట్యాపు కట్టేశాడు.
గిన్నెలో మిగిలిన పెట్రోలు
చివరి చుక్కదాకా కాలిపోయేవరకు
ఇద్దరం నిలబడి విన్నాం.

"రేపు వస్తాను" అన్నాడు.
బయట మబ్బు పట్టి ఉంది.
గోతాలు మాత్రం
మళ్లీ అడ్డం పెట్టలేదు.